అటక మీది టెలిస్కోపును డాబా ఎక్కించండి!

అమ్మాయి సైన్సులో మంచి మార్కులు తెచ్చుకుందనో, అబ్బాయి పుట్టినరోజుకు మారాం చేశాడనో ముచ్చటపడి టెలిస్కోపు కొంటాం. పెట్టె విప్పిన సాయంత్రం ఇల్లంతా హడావుడే. అన్నాలు కూడా తొందరగా ముగించి అందరూ డాబా ఎక్కుతారు. ఒకరి తర్వాత ఒకరు కన్ను ఆనించి చూస్తారు. నల్లగా ఉంటుంది. కాసేపు అటూ ఇటూ తిప్పితే బూడిదరంగు మసక. "ఏం కనిపిస్తలేదు మమ్మీ" అంటాడు పిల్లాడు. "పైసలు దండుగ, నేను ముందే చెప్పిన" అంటారు ఆయన. వారం తిరక్కుండానే పెట్టె అటకెక్కి, దీపావళి ప్రమిదల పక్కన చేరుతుంది.

ఇలా అటకెక్కిన టెలిస్కోపుల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. కుక్కరుకు గాస్కెట్ పెట్టకుండా విజిల్ రాలేదంటే తప్పు కుక్కరుదా చెప్పండి? ఇదీ అంతే. బిగించడం, గురి పెట్టడం, ఫోకస్ చేయడం అనే మూడు పనులూ వరుస తప్పకుండా చేస్తే, పదివేలకు అటూ ఇటూ ధర పలికే మామూలు టెలిస్కోపులో కూడా చంద్రుడి మీద గుంతలూ, గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలూ కనిపించి తీరతాయి.

గుడిమల్కాపూర్ నుంచి కూడానా?

"మా దగ్గర ఆకాశమెక్కడిదండీ" అనేవాళ్ళున్నారు. నిజమే. గుడిమల్కాపూర్ లాంటిచోట రాత్రి కూడా పగల్లాగే ఉంటుంది. ఒకపక్క మెహిదీపట్నం సందడి, ఇంకోపక్క పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే దీపాల వరుస, తెల్లవారకముందే మేలుకునే పూలమార్కెట్టు లైట్లు. పాలపుంతను చూడాలంటే ఇక్కడ కుదరదు, ఊరు దాటి వెళ్ళాల్సిందే. కానీ చంద్రుడికీ, గ్రహాలకీ, జంట నక్షత్రాలకీ వీధిదీపాలు పెద్ద అడ్డం కావు. వాటి వెలుగు వాటికుంది. మేడ మీద నాలుగడుగుల జాగా ఉండి, వీధిదీపం నేరుగా కంట్లో పడకుండా నీళ్ళ ట్యాంకు చాటు దొరికితే చాలు.

పైగా ఇక్కడివాళ్ళకో సదుపాయం ఉంది. పడమటి దిక్కుకు దిక్సూచి అక్కర్లేదు, గోల్కొండ అటే. సాయంత్రం ఆ వైపు దివ్వెలా వెలిగే చుక్క కనబడితే అది దాదాపుగా శుక్రుడే. తెల్లవారుజామున తూర్పున వెలిగితే అదే మన వేగుచుక్క.

నన్నడిగితే ఈ పనికి సాయంత్రంకన్నా తెల్లవారుజామే మేలంటాను. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పదకొండింటిదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ సెగ మీదుగా చూస్తే చంద్రుడి అంచు కూడా మరుగుతున్న పాలలా కదులుతుంది. నాలుగింటికి స్లాబు చల్లారి, గాలి నిమ్మళించి ఉంటుంది. పూలమార్కెట్టుకు బయల్దేరే ఆటోలు అప్పుడే మొదలవుతాయి కాబట్టి, మేలుకుని ఉన్నది మనమొక్కళ్ళమే కాదన్న ధైర్యమూ ఉంటుంది.

రాత్రిపూట ఆడవాళ్ళు డాబా మీద టెలిస్కోపు పెట్టుకుని నిలబడితే ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు చాలామందికి ఉంటుంది. పగలు గురి సరిచూసేటప్పుడు ఏ కిటికీ వైపూ గొట్టం తిప్పకండి. మొదటి రోజే పక్కింటి పిన్నిగారిని, వాళ్ళ పిల్లల్ని పిలిచి చంద్రుణ్ణి చూపించండి. మర్నాటి నుంచి వాళ్ళే "ఇయ్యాల ఏం చూపిస్తవు అక్కా?" అని అడుగుతారు.

సగం పని పగలే

పెట్టె విప్పి బిగించే పని చీకట్లో పెట్టుకోవద్దు. మరలు ఎక్కడో జారిపడతాయి, మళ్ళీ దొరకవు. పగటి వెలుతురులో హాల్లో చాప పరచుకుని ఒకసారి పూర్తిగా బిగించి, విప్పి, మళ్ళీ బిగించండి. మూడోసారికి చేతికి అలవాటవుతుంది.

ముందుగా మూడుకాళ్ళ స్టాండు. కాళ్ళు పూర్తిగా విచ్చుకోవాలి, మధ్యలో ఉండే పళ్ళెం సరిగ్గా కూర్చోవాలి. చవకరకం స్టాండ్లు తేలికగా ఉంటాయి, గాలికే వణుకుతాయి. మధ్య పళ్ళేనికి నీళ్ళు నింపిన రెండు లీటర్ల సీసా ఒకటి వేలాడదీస్తే వణుకు చాలావరకు తగ్గుతుంది. కాళ్ళను పూర్తిగా పొడుగు లాగకుండా, కుర్చీలో కూర్చుని చూసేంత ఎత్తులోనే పెట్టుకోవడం ఇంకా మంచిది. నడుం నొప్పీ ఉండదు, టెలిస్కోపూ కదలదు. నీళ్ళ మోటారు నడుస్తున్నప్పుడు, పిల్లలు డాబా మీద గెంతుతున్నప్పుడు మాత్రం ఏ స్టాండూ నిలవదు. చీర కట్టుకున్నవాళ్ళు కొంగు నడుముకు దోపుకోవాలి. చీకట్లో అది స్టాండు కాలికి చుట్టుకుంటే టెలిస్కోపు, మీరు ఇద్దరూ కింద పడతారు.

తర్వాత గొట్టం. ముందువైపు మూత తీసేటప్పుడు జాగ్రత్తగా చూడండి. చాలా మూతలకు మధ్యలో ఇంకో చిన్న మూత ఉంటుంది. అదొక్కటే తీసి పెద్దది వదిలేస్తే వెలుతురు చాలక అంతా చీకటిగానే ఉంటుంది. మొత్తం మూత తీయాలి.

కన్ను ఆనించే చివర పెట్టే చిన్న గొట్టాన్ని ఐపీసు అంటారు. పెట్టెలో సాధారణంగా రెండు ఇస్తారు. ఒకదాని మీద 25, ఇంకోదాని మీద 10 అని రాసి ఉంటుంది. పెద్ద అంకె ఉంది కదా అని 25 ఎక్కువ పెద్దగా చూపిస్తుందనుకుంటాం. నిజానికి అది తిరగేసిన లెక్క. గొట్టం మీద రాసి ఉన్న 700 లాంటి అంకెను ఐపీసు మీది అంకెతో భాగించాలి. 700ను 25తో భాగిస్తే 28 రెట్లు, 10తో భాగిస్తే 70 రెట్లు. మొదలుపెట్టడం ఎప్పుడూ 25తోనే. దానిలో ఆకాశం ఎక్కువ పడుతుంది, వెలుతురుగా ఉంటుంది, వెతుక్కోవడం తేలిక. చంద్రుణ్ణి పక్కపక్కన మూడు పెట్టినా పట్టేంత జాగా ఉంటుంది.

పెట్టె మీద "525 రెట్లు", "675 రెట్లు" అని పెద్ద అక్షరాలతో వేస్తారే, దాన్ని నమ్మకండి. ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతలు, అంతే. 70 మిల్లీమీటర్ల అద్దానికి 140 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ అందులో కొత్తగా కనబడేదేమీ ఉండదు. పాలలో నీళ్ళు కలిపితే గ్లాసు నిండుతుంది, చిక్కదనం రాదు కదా! పెట్టెలో బార్లో అనే మరో గొట్టం కూడా ఉంటే మొదటి నెల దాన్ని ముట్టుకోకండి.

లెన్సు టెలిస్కోపులకు వెనకవైపు మోచేతిలా వంగిన ముక్క ఒకటి వస్తుంది. దాన్ని డయాగనల్ అంటారు. ముందు అది పెట్టి, దానిలో ఐపీసు పెట్టాలి. అది వదిలేసి ఐపీసు నేరుగా పెడితే చాలా టెలిస్కోపుల్లో ఎంత తిప్పినా ఫోకస్ అందదు. సగం ఇళ్ళలో "ఏమీ కనిపించలేదు" అన్న ఫిర్యాదుకు ఇదే మూలం కావచ్చు.

గురి కుదరాలి

గొట్టం మీద బుల్లి దుర్భిణీ ఒకటో, ఎర్ర చుక్క చూపించే చిన్న అద్దమో బిగిస్తారు. అదే ఫైండర్. టెలిస్కోపులో కనబడే ఆకాశం చాలా చిన్న ముక్క. ఫైండర్ లేకుండా నక్షత్రాన్ని పట్టుకోవడం కళ్ళకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే.

దీన్ని పగలే సరిచూసుకోవాలి. సూర్యుడు ఏ వైపున ఉన్నాడో చూసుకుని, దానికి పూర్తిగా వ్యతిరేక దిక్కులో కనీసం అరకిలోమీటరు అవతల కదలకుండా ఉండే వస్తువును ఎంచుకోండి. సెల్‌టవరు కొన, గుడి కలశం, అపార్ట్‌మెంటు మీది ట్యాంకు, ఏదైనా పరవాలేదు. సాయంత్రం ఎండవేళ గోల్కొండ వైపు మాత్రం పెట్టకండి, సూర్యుడు అటే దిగుతాడు. ముందు 25 ఐపీసులో ఆ కొనను సరిగ్గా నడిమధ్యకు తెచ్చి మరలు బిగించాలి. ఇప్పుడు గొట్టాన్ని కదపకుండా, ఫైండర్ చుట్టూ ఉన్న చిన్న మరలు తిప్పుతూ అదే కొన ఫైండర్ గీతల కూడలిలోకి వచ్చేలా చేయాలి. తర్వాత 10 ఐపీసు పెట్టి ఇంకోసారి. పదిహేను నిమిషాల పని. ఇది చేసుకున్నవాళ్ళకి రాత్రి సగం కష్టం తప్పుతుంది. బొమ్మ తలకిందులుగానో, కుడిఎడమలు మారిపోయో కనిపిస్తే కంగారు పడొద్దు. ఆకాశంలో పైనేమిటి, కిందేమిటి?

ఇక ఫోకస్

ఐపీసు దగ్గర రెండు వైపులా చక్రాల్లాంటి మరలుంటాయి. అవి తిప్పితే గొట్టం లోపలికీ బయటికీ జరుగుతుంది. తిరక్కుండా బిగుసుకుంటే కిందవైపు ఆపుడు మర ఏమైనా బిగించి ఉందేమో చూసి వదులు చేయండి, బలవంతం చేయకండి.

ఏదైనా మంచి వెలుగున్న నక్షత్రాన్ని ఫైండర్‌తో పట్టుకుని ఐపీసులో చూస్తే మొదట కనిపించేది చుక్క కాదు, దోసెంత వెలుగు బిళ్ళ. అద్దం రకం టెలిస్కోపైతే మధ్యలో చిల్లుతో అచ్చం గారెలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే "అబ్బ, నక్షత్రం ఎంత పెద్దగా ఉందో!" అని మురిసి ఆపేస్తారు. అది నక్షత్రం కాదు, ఫోకస్ కుదరని వెలుగు. చక్రాన్ని మెల్లగా ఒకవైపు తిప్పండి. బిళ్ళ పెరుగుతుంటే తిప్పేది తప్పు దిక్కు, తగ్గుతుంటే సరైన దిక్కు. తగ్గి తగ్గి సూదిమొనంత అవుతుంది. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ పెరగడం మొదలవుతుంది. వెంటనే వెనక్కి రండి. నక్షత్రం అన్నిటికన్నా చిన్నదిగా ఉన్న చోటే ఫోకస్. తీగపాకం పట్టేటప్పుడు వేళ్ళ మధ్య తీగ సాగిన క్షణాన్ని ఎలా పట్టుకుంటామో ఇదీ అంతే, ముందుకు పోయి వెనక్కి రావడం తెలియాలి.

ప్రతిసారీ మర తిప్పాక చేయి తీసేసి రెండు మూడు సెకన్లు ఆగి చూడండి. చేయి తగిలినంతసేపూ బొమ్మ ఊగుతూనే ఉంటుంది. ఊపు ఆగాకే నిజం తెలుస్తుంది. ఫోకస్ కుదిరాక జరిగే గొట్టం మీద గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టుకోండి. రేపు ఆ ఐపీసుతో మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు, ఆ చుక్క దగ్గరికి తెచ్చి కొద్దిగా సరిచేస్తే చాలు. ఐపీసు మారిస్తే, చూసే మనిషి మారితే ఫోకస్ కొంచెం మారుతుంది. అత్తగారికి సరిపోయింది కోడలికి సరిపోకపోవచ్చు. తగాదా పడకుండా ఎవరికి వారు కొద్దిగా తిప్పుకోవాలి. దగ్గరిచూపుకీ, దూరపుచూపుకీ కళ్ళజోడు వాడేవాళ్ళు తీసేసి చూడొచ్చు, ఫోకసే దాన్ని సరిచేస్తుంది. సిలిండర్ పవరున్నవాళ్ళు పెట్టుకునే చూడాలి. కాటుక పెట్టుకున్న రోజు ఐపీసుకు కన్ను మరీ అదిమి ఆనించకండి. అద్దం మీద అంటిన కాటుక అంత తేలిగ్గా వదలదు.

ఇంకో ముఖ్యమైన మాట. కిటికీలోంచి, కిటికీ అద్దంలోంచి చూస్తే ఎంత మంచి టెలిస్కోపైనా మసకే. ఏసీ గదిలో ఉన్నదాన్ని తెచ్చిన వెంటనే చూసినా అంతే. అరగంట ముందు డాబా మీద పెట్టి బయటి గాలికి అలవాటు కానివ్వాలి.

సూర్యుడి జోలికి పోవద్దు

ఇది మాత్రం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. 70 మిల్లీమీటర్ల అద్దం, చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాపకన్నా వందరెట్లు వెలుతురును పోగుచేస్తుంది. దానిలోంచి సూర్యుణ్ణి రెప్పపాటు చూసినా కంటి వెనక పొర కాలిపోతుంది. ఆ పొరకు నొప్పి తెలిసే నరాలు లేవు. అంటే కాలుతున్నట్టు కూడా తెలియదు, తెలిసేసరికి చూపు పోయి ఉంటుంది.

కొన్ని చవకరకం టెలిస్కోపులతో ఐపీసుకు బిగించే చిన్న నల్ల అద్దం ఒకటి 'సన్ ఫిల్టర్' అని వస్తుంది. సూర్యుడి వేడంతా పోగయ్యే చోట అది ఉంటుంది కాబట్టి చూస్తుండగానే పగలొచ్చు. మీ పెట్టెలో అలాంటిది ఉంటే, ఈ పేజీ చదవడం ఆపి ముందు దాన్ని సుత్తితో కొట్టి చెత్తబుట్టలో వేయండి. దాచిపెడితే ఏదో ఒకరోజు పిల్లల చేతికి చిక్కుతుంది. పగలు టెలిస్కోపును డాబా మీద వదలకూడదు, ఫైండర్‌కూ మూత ఉండాలి. గ్రహణం రోజున పిల్లలు ముచ్చటపడితే ప్లానెటోరియం వాళ్ళు తగిన ఏర్పాట్లతో చూపిస్తారేమో కనుక్కుని అక్కడికి తీసుకెళ్ళండి. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియం 1985లో మొదలైంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన నగరానికి దగ్గర్లోని జపాల్-రంగాపూర్ నక్షత్రశాల నుంచి శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ పూట తలుపులు బిగించుకుని ఇళ్ళలో కూర్చున్న సంగతి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఏ తిథికి ఏం చూడాలి?

తిథులు తెలిసిన ఆడవాళ్ళకు ఈ విద్య సగం వచ్చినట్టే. పున్నమి చంద్రుడు కంటికి అందం, టెలిస్కోపుకు కాదు. వెలుతురు ఎదురుగా పడి నీడలే ఉండవు, గుంతలన్నీ చదునైపోతాయి. శుద్ధ పంచమి నుంచి దశమి వరకు చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల గోడల నీడలు పొడుగ్గా పడి, అట్లపెనం మీద ఉడుకుతున్న అట్టులా కనిపిస్తుంది. షష్ఠి ప్రాంతంలో ఒకదాన్నొకటి ఒరుసుకున్న మూడు పెద్ద గుంతలు కనిపిస్తాయి. అందులో థియోఫిలస్ అనేది దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది చంద్రుడి దక్షిణ భాగంలో. ల్యాండరు కనబడదు కానీ ఆ ప్రాంతాన్ని పిల్లలకు చూపించొచ్చు. వినాయకచవితి నాడు చంద్రుణ్ణి చూడకూడదన్న పట్టింపు ఉంటే ఆ ఒక్కరోజూ మానేయండి, మర్నాడు పంచమి ఉండనే ఉంది.

చూస్తుండగానే చంద్రుడు పక్కకు జరిగిపోతాడు. టెలిస్కోపు చెడిపోలేదు, భూమి తిరుగుతోంది. 28 రెట్లలో ఏడు నిమిషాలు, 70 రెట్లలో మూడు నిమిషాలైనా నిలవదు. మెల్లగా వెంబడించాలి.

మిణుకు మిణుకుమనకుండా నిలకడగా వెలిగేవి గ్రహాలు. గురుడి పక్కన ఒకే గీత మీద నాలుగు చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని మర్నాడు చూడండి, స్థానాలు మారిపోయి ఉంటాయి. శనిగ్రహం వలయం 2025 మార్చిలో మనవైపు అంచు తిప్పుకుని గీతలా సన్నబడింది, ఇక ఏడాదికేడాది విచ్చుకుంటూ పోతుంది.

మార్గశిర, పుష్య మాసాల రాత్రుల్లో కృత్తికలను తక్కువ రెట్లలోనే చూడాలి. కంటికి ఆరుగా కనబడేవి పదుల సంఖ్యలో విడిపోతాయి. మూడు చుక్కలు వరుసగా ఉండే గొల్లకావడి కింద చిన్న పొగమంచు తునకలా కనిపించేదాన్లో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. నగరం వెలుతురులో అది పలచగానే ఉంటుంది.

అన్నిటికన్నా నాకిష్టమైనది అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు చూపిస్తే పట్టపగలే తలెత్తి, ఏమీ కనబడకపోయినా "కనిపించింది" అని తలూపినవాళ్ళమే మనమంతా. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటప్పుడు ఉత్తరాన సప్తర్షి మండలం పైకొస్తుంది. గరిటె కాడలాంటి తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాని పక్కన ఆనుకుని మినుకుమనేది అరుంధతి. 10 ఐపీసులో చూస్తే ఇద్దరూ ఒకేసారి కనబడతారు. ఇంకొంచెం నిదానించి ఫోకస్ సూదిమొనకు తెస్తే వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరుగా విడిపోతాడు! 17వ శతాబ్దపు తొలినాళ్ళలోనే టెలిస్కోపులో ఈ జంటను గుర్తించారు. ఇప్పటి పరిశోధనల ప్రకారం వశిష్ఠుడిలో నాలుగు, అరుంధతిలో రెండు, మొత్తం ఆరు నక్షత్రాలున్నాయి. ఫోకస్ కుదిరిందో లేదో పరీక్షించడానికి దీన్ని మించింది లేదు.

మన ఊరికి పాత చుట్టరికమే

హైదరాబాదుకు టెలిస్కోపు కొత్తేమీ కాదు. నవాబ్ జఫర్‌జంగ్ అనే సంపన్నుడు డబ్లిన్‌కు చెందిన గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో నక్షత్రశాల కట్టించాడు. అదే నిజామియా. 1908లో బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. ప్రపంచ దేశాలన్నీ ఆకాశాన్ని పంచుకుని పటం గీస్తున్న రోజుల్లో తన వాటాగా 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి ఇచ్చింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు ఆ గొట్టాల మధ్యే పెరిగి నిజాం కాలేజీలో చదివాడు. 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకడయ్యాడు. తమిళనాడులో కావలూరులో ఉన్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

ఇక దాచుకోవడం. అద్దం మీద దుమ్ము కనబడగానే చీరకొంగుతో తుడవకండి, గీతలు పడతాయి. కొద్దిపాటి దుమ్ము వల్ల బొమ్మకేమీ నష్టం లేదు. మరీ ఎక్కువైతే రబ్బరు బల్బుతో గాలి ఊదితే చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే కాబట్టి ఎలాగూ పెట్టెలోనే ఉంటుంది. ఆ తేమకు అద్దాల మీద బూజు పడుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా నాలుగైదు ఇందులో వేసి, నెలకోసారి మార్చండి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ పొట్లాలు చేతికందకుండా చూడాలి. దసరా వెళ్ళి ఆకాశం తేటపడ్డాక, మొదటి పంచమికి డాబా ఎక్కించొచ్చు.